సెంబుంగాన్ హోమ్‌స్టే: జావా కొండ మీద ఒక రైతు ఇంట్లో మా రెండు రాత్రులు

ఇండోనేషియా అనగానే అందరూ బాలి బాలి అంటారు, మేము బాలి వెళ్లలేదు. జావా దీవి మధ్యలో దియెంగ్ అని ఒక పీఠభూమి ఉంది, దాని మీద సెంబుంగాన్ అని చిన్న ఊరు, దగ్గరదగ్గర 2,300 మీటర్ల ఎత్తు, జావా మొత్తంలో ఇంతకన్నా ఎత్తున ఉన్న ఊరు లేదని అక్కడివాళ్లు చెప్తారు. ఆ ఊళ్లో ఒక బంగాళాదుంప రైతు తన ఇంట్లోనే రెండు గదులు అద్దెకి ఇస్తున్నాడు, మొన్న జులైలో నేనూ అమ్మా నాన్నా రెండు రాత్రులు ఉండొచ్చాం. మాది సోంపేట దగ్గర పల్లె, కొబ్బరీ జీడీ నమ్ముకున్న ఇల్లు, అందుకని రిసార్టు లెక్కలో కాకుండా రైతింటి లెక్కలోనే రాస్తున్నా.

ముందు దారి సంగతి. మాకు టికెట్లు చేసిన ట్రావెల్స్ అతను జావాలోనే ఉన్న యోగ్యకర్త సిటీలో దిగితే గంటన్నరలో వెళ్లిపోవచ్చన్నాడు, అది తప్పు. వొనొసొబొ టౌనుకే మాకు మూడు గంటలు పట్టింది, అక్కడి నుంచి దియెంగ్‌కి 26 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు, ఇంకో గంట పైనే. అరకు ఘాట్ అలవాటున్నవాళ్లకి పర్లేదు గానీ అమ్మకి రెండుసార్లు వాంతులయ్యాయి, పెద్దవాళ్లతో వెళ్తే ఆ రోజు ఇంకేం పెట్టుకోకండి. వీసా దిగాక ఎయిర్‌పోర్ట్‌లోనే ఇచ్చారు, మనిషికి 5 లక్షల రూపియాలు. లక్షలు అని భయపడక్కర్లేదు, మన రూపాయికి వాళ్లవి 180 పైనే వస్తున్నాయి.

గది రాత్రికి 3 లక్షల రూపియాలు, అంటే మన డబ్బుల్లో 1,600 చిల్లర, పొద్దున్న టిఫిను దాంట్లోనే. గది శుభ్రంగా ఉంది, మంచాలు బాగున్నాయి. బాత్రూంలో నీళ్ల తొట్టి, చెంబు, అచ్చం మనింట్లోలాగే. కానీ వేడినీళ్లు ఎప్పుడూ ఉంటాయని బుకింగ్‌లో రాసి, రెండో రోజు పొద్దున్న గ్యాస్ అయిపోయింది, ఆ చలిలో చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. అడిగితే ఇంటావిడ పొయ్యి మీద కాచి తెచ్చిచ్చింది, ఆలస్యమైంది గానీ విసుక్కోలేదు. రగ్గులు కూడా కొంచెం చెమ్మగా ఉన్నాయి. ఒక స్టార్ అక్కడే తగ్గించాను.

ఈ ఇంటి అసలు సుఖం వంటింట్లో ఉంది. సాయంత్రం ఐదయ్యేసరికి ఇంటిల్లిపాదీ బొగ్గుల కుంపటి చుట్టూ చేరతారు, మమ్మల్నీ అక్కడికే పిలిచి కూర్చోబెట్టారు. భాష రాదు, ఫోన్లో ట్రాన్స్‌లేట్ పెట్టుకున్నాం, అయినా సగం మాటలు మనవే దొరికాయి: ఊరిని దేసా అంటారు, నేలని బూమి అంటారు, మొగుణ్ణి సువామి, పెళ్లాన్ని ఇస్త్రి. అమ్మ ఆ ఇంటావిడని ఇబు, ఇబు అని పిలవడం నేర్చేసుకుంది, వాళ్ల భాషలో అమ్మా అని. వాళ్లు ముస్లింలు, తెల్లవారకముందే మసీదు మైకులో నమాజు పిలుపు గట్టిగా వినిపిస్తుంది, నిద్ర తేలికగా ఉండేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఊరు చూస్తే ఇంటి గోడ దాకా బంగాళాదుంపే, కొండ నెత్తి దాకా దుంపే. చెట్లు కొట్టేసి వాలు మీద నిట్టనిలువుగా సాళ్లు తీస్తారు, వానకి పైమట్టి కిందికి కొట్టుకుపోతుంది, ఆ సంగతి వాళ్లకీ తెలుసు, మానేస్తే తినేదేంటని అడిగాడు ఆయన. వానల్లేని కాలం రాత్రుళ్లు, అంటే వాళ్లకి జూన్ నుంచి ఆగస్టు దాకా, చలి సున్నా దాకా దిగిన రోజున మంచు గడ్డకట్టి ఆకు మీద ఉప్పు చల్లినట్టు పడుతుంది. టూరిస్టులు ఫొటోల కోసం పరిగెడతారు. రైతులు మాత్రం దాన్ని ఎంబున్ ఉపాస్ అంటారు, విషపు మంచు అని. మేమున్న రెండో రోజు తెల్లారి ఆయన మమ్మల్ని చేను దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు, ఆకులన్నీ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. నాన్న వంగి ఒక ఆకు నలిపి చూసి "ఒక్క రాత్రికే ఇలగైపోద్దేట్రా" అన్నాడు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లిన మర్నాడు మా తోటలో ఆయన అలాగే నిలబడ్డాడు. ఫోన్లో పడిపోయిన కొబ్బరిచెట్ల పాత ఫొటోలు వెతికి ఆ రైతుకి చూపించాడు, ఆ రైతు మా నాన్న భుజం మీద చెయ్యేశాడు. దానికి ట్రాన్స్‌లేట్ అక్కర్లేకపోయింది.

అందరూ వచ్చేది సికునిర్ కొండ మీద సూర్యోదయం కోసం. ఊరి చివర చెబొంగ్ చెరువు దగ్గర బండి ఆపి అరగంట పైగా మెట్లెక్కాలి, పైనుంచి సిందొరో కొండ ఎదురుగా, దూరంగా మెరాపి అగ్నిపర్వతం కనిపిస్తాయి. బాగుంది, కానీ ఆదివారం కావడంతో కాలు పెట్టే చోటు లేదు, శనాదివారాలు వద్దు. చాలామంది యోగ్యకర్త నుంచి అర్ధరాత్రి బయల్దేరి అది చూసేసి మధ్యాహ్నానికి దిగిపోతారు, దయచేసి అలా చెయ్యకండి, ఊరు చూడకుండా ఊరికే అలిసిపోతారు.

గుళ్లు మాత్రం వదలొద్దు. కొన్ని కిలోమీటర్ల దూరంలో అర్జున, శ్రీకండి, పుంతదేవ, సెంబద్ర అని నల్లరాతి శివాలయాలు వరసగా, కొంచెం అవతల ఘటోత్కచ, బీమ. 8వ శతాబ్దం చుట్టుపక్కల కట్టినవి, ఈ మహాభారతం పేర్లు మాత్రం తర్వాత జనం పెట్టుకున్నవి. చాలా చిన్నవి, లోపల విగ్రహాల్లేవు, దొరికిన శిల్పాలు పక్కనే కైలాస మ్యూజియంలో పెట్టారు. బీమ గుడి శిఖరం చూడగానే నాకు శ్రీముఖలింగం గుర్తొచ్చింది, గూళ్లలోంచి తొంగిచూసే ముఖాలు, శిఖరంలో కళింగ గుళ్ల పోలిక. మన కళింగం వాళ్లని అక్కడ కెలింగ్ అనేవాళ్లు, పడవలు అటు వెళ్లిన కాలం ఒకటుంది కదా, కళింగపట్నం ఒడ్డున ఎన్నిసార్లు కూర్చున్నా నాకది అంత దగ్గరగా తోచలేదు.

ఊళ్లో ఒక పాపకి జుట్టు జడలు కట్టి ఉంది. అక్కడ కొందరు పిల్లలకి అలా వస్తుందట, ఊరికే తియ్యరు, పాప తనంతట తను తీయించుకుంటానని ఏదైనా కోరిక చెప్పాలి, మేకో సైకిలో ఏదైనా సరే, అది తీర్చాకే పూజ చేసి కత్తిరించి నీళ్లలో వదులుతారు. అమ్మ ఇదంతా విని సింహాచలం మొక్కులు చెప్పడం మొదలెట్టింది.

సికిదాంగ్ అని పొగలు కక్కే బిలం కూడా చూడొచ్చు, కానీ కట్టిన దారి వదిలి పక్కకి దిగొద్దు. ఈ కొండల్లోనే 1979లో సినిలా దగ్గర విషవాయువు వచ్చి 140 మందికి పైగా చనిపోయారు.

తిండికి ఇబ్బంది పడలేదు. అన్నం, టెంపె (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) వేపుడు, పుట్టగొడుగుల పకోడి, ఎండుచేప, కారంగా సంబల్ అనే మిరప పచ్చడి. వొనొసొబొలో "మీ ఒంగ్‌క్లొక్" అని (మీ అంటే వాళ్ల భాషలో నూడుల్స్) చిక్కటి గుజ్జులో నూడుల్స్ ఇస్తారు, దాంతోపాటు సాతె, అంటే పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం, పెడతారు, అది మామూలుగా ఆవు మాంసం, వద్దనుకుంటే సాపి (ఆవు) వద్దని ముందే చెప్పండి. కరికా అనే కొండ బొప్పాయి పాకంలో వేసి కప్పుల్లో అమ్ముతారు, నాలుగు తెచ్చుకోవాల్సింది, రెండే తెచ్చాను.

రెండేసి స్వెట్టర్లు, మంకీ టోపీ, వాంతి మాత్రలు పట్టుకెళ్లండి. పలాస జీడిపప్పు ఒక కిలో కూడా. అమ్మ ఇచ్చిన పొట్లం ఇబు ఆ రాత్రే విప్పి కుంపటి చుట్టూ ఉన్నవాళ్లందరి చేతుల్లో నాలుగేసి పోసింది, నాన్న చేతిలో ఎనిమిది పోసింది.