హైదరాబాద్‌లో ఫోటో ఎడిటింగ్‌కి పీసీ కట్టించుకునేవాళ్లు జాగ్రత్త: "ఐ5" అన్న ఒక్క మాట నమ్మి డబ్బు కట్టకండి

మాది నాచారం. మా తమ్ముడు పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. ఎడిటింగ్, ఆల్బమ్ డిజైన్ ఇంట్లో కూర్చుని నేను చేస్తాను. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఈసారి చీటీ డబ్బులు రాగానే అందులోంచి 52 వేలు పక్కన పెట్టి, మంచి డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుందామని బయల్దేరాను.

ముందు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి రెండు షాపుల్లో అడిగాను. ఐ5, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ అన్నీ కలిపి 65 వేలకు తగ్గదన్నారు. తెలిసినవాళ్లు ఇంకో చోట ఒక షాపు ఉందని చెప్పారు. ఆ షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి నుంచి వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్ ఇది: "ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 22 ఇంచుల మానిటర్, 450 వాట్స్ ఎస్ఎంపీఎస్, విండోస్ 11. మొత్తం 49,500."

పదిహేను వేలు తేడా. సీటీసీలో ఎక్కువ చెప్తున్నారనుకున్నాను. "అన్నీ కొత్తవేనా?" అని మెసేజ్ పెడితే "అంతా బ్రాండ్ న్యూ మేడమ్, మూడేళ్ల వారంటీ" అని జవాబిచ్చారు. షాపుకి వెళ్తే మదర్‌బోర్డు డబ్బా సీల్ నా ముందే కోసి చూపించారు. అది చూశాక ఇంక అనుమానమే రాలేదు. "సాయంత్రానికి రెడీ చేసి పెడతాం అక్కా, ఫికర్ చేయకండి" అన్నాడు అక్కడ పనిచేసే అబ్బాయి. యూపీఐలో మొత్తం కట్టేశాను.

మొదటి నాలుగు రోజులు బాగానే అనిపించింది. ఎస్ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) ఉండటంతో మెషీన్ త్వరగా ఆన్ అయ్యేది, ఫోటోషాప్ త్వరగా తెరుచుకునేది. ఐదో రోజు ఒక పెళ్లి తాలూకు 1,400 రా ఫైళ్లు (కెమెరా నుంచి నేరుగా వచ్చే పెద్ద ఫోటో ఫైళ్లు) ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో వేశాను. ప్రివ్యూలు తయారవడానికే రాత్రంతా పట్టింది. రిసెప్షన్ ఫోటోలు తక్కువ లైట్‌లో తీసినవి, గ్రెయిన్ ఎక్కువ. ఆ గ్రెయిన్ తీసేసే డీనాయిజ్ నొక్కితే ఒక్క ఫోటోకు 22 నిమిషాలు పడుతుందని చూపించింది. అలాంటివి 80 ఫోటోలున్నాయి. ఆల్బమ్ ఇవ్వాల్సిన తారీఖు దగ్గర పడుతోంది, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మా తమ్ముడి ఫ్రెండ్ ఒకతను ఫోన్‌లో "అక్కా, టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి, కుడివైపు పైన ఏం రాసుందో చదవండి" అన్నాడు. చదివాను. ఐ5-4570. అవతల కాసేపు మాట లేదు.

నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఇది. ఐ5 అనేది ఒక ప్రాసెసర్ పేరు కాదు, ఇంటెల్ కంపెనీ 2009 నుంచి ఎన్నో ఏళ్లపాటు తెచ్చిన ప్రాసెసర్ల వరుస పేరు. దాని పక్కనుండే నంబరే అసలు సంగతి చెప్తుంది. 4570 అంటే నాలుగో తరం. 2013లో వచ్చింది, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు). సీటీసీలో నాకు చెప్పింది ఐ5-12400. అది పన్నెండో తరం, 2022లో వచ్చింది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండూ ఐ5లే. అందుకే కొటేషన్‌లో అబద్ధం రాయకుండానే నన్ను మోసం చేయగలిగారు.

మరి సీల్ ఉన్న మదర్‌బోర్డు సంగతేమిటి? అది నిజంగా కొత్తదే. ఆఫీసులు తీసేసిన పాత కంప్యూటర్లలోని ప్రాసెసర్లు పెట్టుకోవడానికి సరిపోయే హెచ్81 లాంటి బోర్డులు ఇప్పటికీ కొత్తగా తయారై మార్కెట్‌కి వస్తున్నాయి. కొత్త బోర్డు మీద పాత ప్రాసెసర్ పెట్టి, కొత్త క్యాబినెట్‌లో బిగించి, రంగు లైట్ల ఫ్యాన్లు తగిలిస్తే ఎవరికైనా కొత్త మెషీన్‌లాగే కనిపిస్తుంది.

ఆ రాత్రే మిగతావన్నీ ఒక్కొక్కటిగా చూశాం. ర్యామ్ డీడీఆర్3, అంటే పాత తరంది. ఈ బోర్డులో 16 జీబీకి మించి వేయడం కుదరదు, రేపు కొత్త బోర్డు కొన్నా ఈ ర్యామ్ దానికి పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, 2014 నాటి మోడల్. 4 జీబీ ఉన్నమాట నిజమే కానీ, ఇప్పటి లైట్‌రూమ్ అడిగే డైరెక్ట్‌ఎక్స్ 12 స్థాయి దానికి లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్ఎస్‌డీ చూస్తే అప్పటికే 11,000 గంటలు నడిచినట్టు చూపించింది. రోజుకు పది గంటల లెక్కన మూడేళ్లు ఎవరో వాడిన డిస్క్ అది. నా క్లయింట్ల పెళ్లి ఫోటోలు దాని మీద పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. విండోస్ 11 కూడా అంతే. ఇంటెల్‌లో కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచి పైవాటికే మైక్రోసాఫ్ట్ దాన్ని ఇస్తుంది. నా మెషీన్‌లో ఆ తనిఖీని తప్పించి వేశారు.

మర్నాడు షాపుకి వెళ్లాం. యజమాని గొంతు కూడా పెంచలేదు. "మేడమ్, మీరు ఐ5 అడిగారు, ఐ5 ఇచ్చాం. ఏ జనరేషన్ అని మీరు అడగలేదు కదా" అన్నాడు. బిల్లు తీసి చూపిస్తే అది బిల్లు కాదని అప్పుడు అర్థమైంది. జీఎస్టీ నంబర్ లేదు, సీరియల్ నంబర్లు లేవు, పైన "ఎస్టిమేట్" అని అచ్చు వేసిన తెల్ల కాగితం. కొన్న రోజు "పక్కా బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా అవుతుంది" అంటే వద్దన్నది నేనే. ఆ డబ్బు మిగిలిందనుకున్నాను గానీ, వారంటీ అడగడానికి ఉండాల్సిన సరైన కాగితం అక్కడే పోగొట్టుకున్నాను.

నాకు ఎక్కువ నష్టం చేసింది మాత్రం మానిటర్. దీని గురించి షాపుల్లో ఎవరూ మాట్లాడరు, మనమూ అడగం. నాకిచ్చింది టీఎన్ ప్యానెల్. తల కాస్త పైకెత్తితే ఒక రంగు, కిందికి దించితే ఇంకో రంగు. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే, మామూలు ఫోటోల్లో వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడింట ఒక వంతుకు పైగా ఆ తెర చూపించలేదని అర్థం. నా తెర అలాంటిదే. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర, మంగళస్నానం నాటి పసుపు, రెండూ తెర మీద వెలిసినట్టు కనిపించేవి. నేను శాచురేషన్ పెంచుతూ పోయాను. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చాక చూస్తే ముఖాలన్నీ నారింజ రంగులో ఉన్నాయి, చీర అంచుల్లో జరీ గీతలు కలిసిపోయి ఎర్రటి మరకలాగా అయ్యాయి. పన్నెండు షీట్లు నా ఖర్చుతో మళ్లీ ప్రింట్ వేయించి ఇచ్చాను. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఏమీ అనలేదు, కానీ మొదటి ఆల్బమ్ తెరిచినప్పుడు ఆవిడ ముఖం నేను చూశాను.

కాబట్టి ఫోటోల కోసమే కొంటున్నవాళ్లు బడ్జెట్ తక్కువైతే గ్రాఫిక్స్ కార్డును వాయిదా వేయండి, మానిటర్‌ను కాదు. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు అంతగా మారని రకం), 99 శాతం ఎస్ఆర్‌జీబీ అని డబ్బా మీదో కంపెనీ సైట్‌లోనో రాసి ఉన్నదే తీసుకోండి. ప్రాసెసర్ 12400 తీసుకుంటే కార్డు లేకుండానే మొదలుపెట్టొచ్చు, గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది. 12400ఎఫ్ అని ఉంటే మాత్రం అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. డీనాయిజ్ రోజూ వాడేవాళ్లకు మాత్రం కార్డు తప్పదు, ఆ పని చేసేది కార్డే. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8 జీబీవి రెండు వేయించుకుంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి బాగా కలిసొస్తుంది.

కొటేషన్‌లో ప్రతి వస్తువుకూ కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబర్ రాసిమ్మని అడగండి. "తర్వాత చెప్తాం" అంటే లేచి వచ్చేయండి. మెషీన్ తయారయ్యాక షాపులోనే ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్, ర్యామ్, కార్డు పేర్లు కొటేషన్‌తో సరిపోయాయా అని చూసి, డిస్క్ గంటలు చూసి, ఆ తర్వాతే మిగతా డబ్బు కట్టండి. అడ్వాన్స్ ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రాసెసర్ డబ్బా కూడా అడిగి తెచ్చుకోండి. డబ్బాతో వచ్చేదానికి ఇంటెల్ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, ట్రే ప్రాసెసర్‌కి (డబ్బా లేకుండా విడిగా వచ్చేది) నేరుగా ఇవ్వదు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ 15 అక్షరాలుండాలి, తెలంగాణ షాపుదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. నేను 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు రాయించి, "అంతా బ్రాండ్ న్యూ" అన్న వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు జత చేశాను. పక్కా బిల్లు లేకపోయినా ఆ రెండే నాకు ఆధారమయ్యాయి. మూడు వారాలకు షాపువాళ్లే ఫోన్ చేసి, మానిటర్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ వెనక్కి తీసుకుని 16,000 ఇచ్చారు. మిగతాదానికి ఒప్పుకోలేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను.

ఈ వారంలో ఎవరైనా పీసీ కట్టించుకోబోతుంటే కొటేషన్ ఫోటో ఇక్కడ పెట్టండి, ఫోన్ నంబర్లు చెరిపేసి. మోడల్ నంబర్లు చూసి నాకు తెలిసినంత చెప్తాను. రాత్రి పిల్లలు పడుకున్నాక జవాబిస్తాను, అప్పటిదాకా అడ్వాన్స్ కట్టకండి.