పర్లాకిమిడి డాబా మీద గ్రో బ్యాగులు: ఏళ్ల తరబడి వాడాక చెప్తున్న మాట

ముందే చెప్పేస్తాను. డాబా మీద కూరగాయలు పండించుకోవాలనుకునేవాళ్లని హెచ్‌డీపీఈ గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచడానికి గట్టి ప్లాస్టిక్ బట్టతో కుట్టిన సంచులు, కొనమనే అంటాను. కాకపోతే పది చిన్న సంచులకి పెట్టే డబ్బుతో మూడో నాలుగో పెద్దవి కొనండి. 2019 నుంచి మా డాబా మీద ఇవే ఉన్నాయి. ఏవి నిలిచాయో, ఏవి చిరిగాయో, ఎందులో ఏం కాసిందో కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది ఒడిశాలో గజపతి జిల్లా. పాతపట్నం దాటగానే వచ్చే పర్లాకిమిడి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తితలీ తుఫాను మా జిల్లాని అతలాకుతలం చేసింది. డాబా మీది మట్టి కుండీలు ఆ గాలికి దొర్లి పగిలిపోయాయి. సిమెంటు కుండీలు పెడదామంటే స్లాబుకి బరువు. పెరట్లో నేల లేక కాదు, ఉంది. కానీ అందులో వంగ, టమాటా నిలవవు. పూతకొచ్చిన మొక్క, ఆకు పచ్చగా ఉండగానే, ఒకటి రెండు రోజుల్లో నిలువునా వాలిపోతుంది. అలా వాలిన మొక్కని మొదలు దగ్గర కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన చివర నీళ్లకి తగిలేట్టు కదలకుండా పట్టుకోండి. కాసేపటికి తెల్లటి సన్నని ధారలు పొగలా కిందికి దిగుతాయి. అలా దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. వేడీ తేమా కలిసిన మా వైపు ఇది మామూలే. ఒకసారి నేలలో చేరితే ఏళ్ల తరబడి ఉంటుంది, మందు కొడితే పోయేది కాదు. పెరట్లో ఉన్న ఈ బాధ డాబా మీది సంచిలో లేదు. కొత్త మట్టి పోసుకోవచ్చు, ఒక సంచిలో తెగులు కనబడితే ఆ ఒక్క సంచి తీసి పక్కన పెట్టొచ్చు. నా దృష్టిలో గ్రో బ్యాగు ఇచ్చే అసలు లాభం ఇదే. అమ్మేవాళ్లు మాత్రం రంగు గురించి, హ్యాండిళ్ల గురించి చెప్తారు తప్ప ఈ మాట ఎత్తరు.

కొనేటప్పుడు అందరూ చూసే అంకె జీఎస్‌ఎం. అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 220, 260, 350 అని రకరకాలుగా రాస్తారు. రాసింది నిజమో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న సంచికి అడుగూ చుట్టూ కలిపి సుమారు 0.8 చదరపు మీటర్ల బట్ట పడుతుంది. 260 జీఎస్‌ఎం అయితే బట్ట ఒక్కటే 210 గ్రాముల దాకా తూగాలి, హ్యాండిళ్లూ కుట్లూ దానికి అదనం. ఖాళీ సంచిని కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. నాకు ఒకసారి ఆన్‌లైన్‌లో వచ్చిన సంచులు పైన 260 అని అచ్చు వేసుకుని 150 గ్రాములు కూడా తూగలేదు. ఎండకి మొదట పోయినవి అవే. 12 అంగుళాల దానికైతే ఇదే లెక్కన 95 గ్రాములు. 200 కంటే తక్కువ జీఎస్‌ఎం మాత్రం డాబా ఎండకి పనికిరాదు. ఎండలోని యూవీ కిరణాల్ని తట్టుకునే రక్షణ లేనిది ఎంత మందంగా ఉన్నా వద్దు.

మంచి సంచి అయినా ఎక్కడెక్కడ పాడవుతుందో చెప్తాను. ముందుగా పోయేవి హ్యాండిళ్లు. తడి సంచిని హ్యాండిల్ పట్టుకుని ఈడిస్తే బట్ట బాగానే ఉంటుంది, కుట్టు దారం తెగుతుంది. అందుకే మా ఇంట్లో నిండిన సంచిని ఎవరూ హ్యాండిల్ పట్టుకుని కదపరు. కింద గోనెపట్టా దూర్చి, ఇద్దరు కలిసి పట్టాతో సహా జరుపుతాం. తర్వాత పోయేది పై అంచు. మట్టి పైన ఖాళీగా మిగిలిన ఆ రెండు మూడు అంగుళాల బట్టకి లోపలా బయటా ఎండ తగులుతుంది. పడమటి ఎండ పడే వైపు ముందు గరుకెక్కి, తర్వాత నూలుపోగుల్లా ఊడుతుంది. నింపే రోజే ఆ అంచుని బయటికి రెండు మడతలు వేసి వదిలేస్తే బాగా నిలుస్తుంది. మట్టిని ఆనుకుని ఉన్న భాగమూ అడుగూ మాత్రం చెక్కుచెదరలేదు. 2019 నాటి పెద్ద సంచులు కొన్ని ఇప్పటికీ కాపు మీద ఉన్నాయి.

ఇక పెద్దా చిన్నా సంగతి. 12 అంగుళాల సంచి నిండా నింపినా 22 లీటర్ల మట్టే పడుతుంది. 18 అంగుళాల దాంట్లో పైన రెండంగుళాలు వదిలినా 65 లీటర్ల పైచిలుకు పడుతుంది. కొలత ఒకటిన్నర రెట్లే, లోపలి చోటు మాత్రం దాదాపు మూడు రెట్లు. ఏప్రిల్, మే నెలల్లో ఈ తేడా ఆకు మీద కనబడుతుంది. మొదట్లో వంగ మొక్కల్ని రెండు సైజుల్లోనూ పక్కపక్కనే పెట్టాం. ఒకరోజు మా అత్తయ్య డాబా ఎక్కి, "అమ్మాయ్, ఈ వంగ పది కాకుండానే వాలిపోతందేటి? నీళ్లు పోశావా?" అంది.

"ఆరింటికే పోశానత్తయ్యా."

"అయితే నీళ్లు చాలక కాదు, చోటు చాలక. పక్కదాన్ని చూడు, ఎలా నిల్చుందో."

ఆవిడ పొలం చూసిన మనిషి. చెప్పింది అక్షరాలా నిజం. చిన్న సంచిలో మట్టి పొద్దున పదికల్లా వేడెక్కిపోతుంది, వేరుకి పారిపోయే చోటుండదు. పూత వస్తుంది, రాలిపోతుంది. పెద్ద సంచిలో అడుగు చల్లగా ఉంటుంది. చెయ్యి లోపలికి దూర్చి చూస్తే తెలుస్తుంది. ఆ వంగకి కాపు తగ్గాక కొమ్మలు కత్తిరించి, గుప్పెడు వేపపిండీ రెండు దోసిళ్ల ఎరువూ వేస్తే కొత్త చిగురేసి మళ్లీ కాసింది. చిన్న సంచిలో మొక్కకి ఆ ఓపిక లేదు.

అందుకని 12 అంగుళాల వాటిలో ఇప్పుడు మిరప, పుదీన, కొత్తిమీర తప్ప ఏమీ వేయను. వంగ, టమాటా, బెండ, దొండ, కాకర అన్నీ 18లోనే. ఆనప, బీర పాదులకి 24 అంగుళాల వెడల్పున్నవి. ఆనపకి ఒక మాట. పాదు డాబా నిండా పాకినా పిందెలు పసుపెక్కి రాలుతుంటే సంచిని తిట్టకండి. ఆ పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, డాబా మీదికి ఆ వేళ పురుగులు అంతగా రావు. చీకటి పడే ముందు మగ పువ్వు కోసి, రేకులు తుంచేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. రెండు మూడు రోజుల్లో పిందె నిగనిగలాడుతూ కిందికి వంగితే నిలిచినట్టే.

సంచుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన పంట ఆగాకర. పక్కింటి ఒడియా మౌసీ వాళ్ల ఊరి నుంచి దుంపలు తెచ్చి ఇచ్చింది. వాళ్లు కంకడ అంటారు, వానాకాలంలో ఇక్కడి బజారులో దాని ధర చూస్తే ఎవరికైనా ఇంట్లో వేసుకోవాలనిపిస్తుంది. ఇందులో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. రెండూ ఉండాలి, పువ్వుకి పువ్వు అద్దాలి. చలికాలానికి తీగ మొత్తం ఎండిపోతుంది. చచ్చిపోయిందనుకుని మట్టి పారబోసేవాళ్లని చూశాను. దుంప లోపల నిద్రపోతూ ఉంటుంది. సంచిని నీడకి జరిపి, నీళ్లు దాదాపు మానేసి వదిలేస్తే తొలకరి ముందు తనంతట తనే మొలుస్తుంది. నేలలో అయితే దుంప ఎక్కడుందో మర్చిపోయి పారతో నరికేస్తాం. సంచిలో ఆ భయం లేదు.

మట్టి మిశ్రమం గురించి ఎక్కువ చెప్పను, ఎవరి లెక్క వాళ్లకుంటుంది. మాది ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల గెత్తం ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఒక పాలు, పైన వేపపిండి. కోకోపీట్‌ని రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. ఉత్త మట్టి మాత్రం నింపొద్దు. 18 అంగుళాల సంచిలో ఉత్త ఎర్రమట్టి తడిస్తే వంద కిలోలు దాటుతుంది. మిశ్రమమైనా బరువు బరువే కాబట్టి పెద్ద సంచుల్ని స్లాబు మధ్యలో కాకుండా కింద గోడలూ దూలాలూ ఉన్నచోట పెట్టుకోవాలి. ఏడాది తిరిగేసరికి గెత్తం కరిగి మట్టి మట్టం బాగా దిగుతుంది. అది సంచి లోపం కాదు, పైన మళ్లీ ఎరువు నింపుకోవడమే. మే నెలలో ఖాళీగా ఉన్న సంచుల మట్టిని తడిపి, డాబా మీద పరిచి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తాను. వేరుబుడిపె నులిపురుగులు ఆ వేడికి చాలా వరకు చస్తాయి. బెండ వేళ్లలో బుడిపెలు కనబడినవాళ్లు ఇది తప్పక చెయ్యండి.

సంచి మారినంత మాత్రాన ఎండు తెగులు ఇక రాదని అనుకోవద్దు. నారుతో వస్తుంది, పెరటి మట్టి అంటిన పారతో వస్తుంది. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఉత్కల్ రకాల్లో ఈ తెగులుని తట్టుకునేవి ఉన్నాయి, టమాటాలో ఉత్కల్ కుమారి లాంటివి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్ల అర్క రక్షక్ టమాటా కూడా తట్టుకుంటుంది, దానికి ఆకుముడత వైరస్‌ని తట్టుకునే శక్తి అదనం. విత్తనం దొరికితే వాటికే ఓటు.

మిగతా రకం సంచులతో పోలిస్తే? నల్లటి నర్సరీ కవర్లు నారుకి సరిపోతాయి, అంతే. ఖాళీ సిమెంటు బస్తాలు ఉచితమే కానీ వాటికి యూవీ రక్షణ ఉండదు. ఒక వేసవి గడిచేసరికి ముట్టుకుంటే పొడిపొడిగా రాలతాయి, ఆ ప్లాస్టిక్ పొడి మట్టిలో కలవడం నాకు ఇష్టం లేదు. గుడ్డ సంచులు, అంటే ఫెల్టువి, వేళ్లకి నిజంగా మంచివి. వేరు చివర గుడ్డ దాకా వచ్చి గాలి తగలగానే ఆగి, పక్కలకి కొత్త వేళ్లు వేస్తుంది. హెచ్‌డీపీఈలో అలా కాదు, వేరు గోడ వెంబడి చుట్టూ తిరుగుతుంది. కానీ ఫెల్టు చుట్టూ తడి ఆరిపోతుంది. వేసవిలో రెండు పూటలా నీళ్లు పోయగలిగినవాళ్లే పెట్టుకోవాలి. నిమ్మకి ఒకటి ఫెల్టులో, ఒకటి హెచ్‌డీపీఈలో పెట్టాం. చలికాలంలో ఫెల్టుదే పైచేయి, మే వచ్చేసరికి రెండోది నయం. రెంటికీ సీతాకోకచిలుక గొంగళ్లు సమానంగానే పట్టాయి. పిట్టరెట్టలా కనబడే ఆ చిన్న పురుగుల్ని పొద్దున్నే ఏరేయడమే మందు.

నాకు నచ్చనిది ఒకటుంది. నీళ్లు పోవడానికి పెట్టే కన్నాలు. అడుగు పక్కన నాలుగైదు ఇస్తారు, వేళ్లు అల్లుకుని అవి మూసుకుపోతాయి. జూలై, ఆగస్టు వానల్లో నీళ్లు నిలిచిపోతే మిరప రెండు మూడు రోజుల్లో తలవాల్చేస్తుంది. ఏటా వానలకి ముందు మేకుతోనో సన్నటి ఇనుప చువ్వతోనో కన్నాలు శుభ్రం చేయాలి. సంచిని స్లాబు మీద నేరుగా కాకుండా ఇటుకల మీద పెట్టాలి. కింద గాలాడితే స్లాబు నిమ్మెక్కదు, ఎక్కడ నీళ్లు కారుతున్నాయో కూడా కనబడుతుంది.

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే పందిరి మీది తీగల్ని దింపేస్తాం, గాలి వాటినే పట్టుకుని లాగుతుంది. చిన్న సంచుల్ని పిట్టగోడ మూలకి చేర్చి ఒకదానికొకటి ఆనించి పెడతాం. పెద్దవాటి జోలికి పోం, వాటి బరువే వాటిని నిలబెడుతుంది. డాబా నీళ్లు దిగే గొట్టం దగ్గర ఆకులూ గడ్డీ చేరకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మా వైపు అయితే అక్టోబర్ గాలులు పోయాక నింపుకోండి. నాలుగు 18 అంగుళాలవి, ఒక 24 అంగుళాలది చాలు. ఒకదాంట్లో వంగ, రెండింట్లో టమాటా, నాలుగోదాంట్లో బచ్చలి వేయండి. పప్పులోకైనా, ఒడియా వాళ్లు కూరగాయలేసి వండే పప్పు దాల్మాలోకైనా చలికాలమంతా ఏదో ఒకటి కోసుకోవచ్చు. 24 అంగుళాల దాన్ని మట్టితో నింపి, పైన వరిగడ్డి కప్పి, చలి తగ్గాక పెట్టే ఆనప గింజకి ఉంచండి.