మోషన్ బ్యాక్‌గ్రౌండ్లు: కొన్నవా, ఉచితంగా దింపుకున్నవా, మనమే తీసుకున్నవా? ఏది మేలు?

గాజువాకలో జరిగిన పెళ్లి వీడియో, భీమిలిలో జరిగిన పెళ్లి వీడియో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి నిమిషంలో రెండింటిలోనూ అవే ఎర్ర గులాబీ రేకులు రాలుతుంటాయి, అవే బంగారు నలుసులు తేలుతుంటాయి. మారేవి వధూవరుల పేర్లు మాత్రమే. పేర్ల వెనుక ఇలా కదిలే దృశ్యాలనే మోషన్ బ్యాక్‌గ్రౌండ్లు అంటాం. విశాఖపట్నంలో ఇంత సముద్రం, ఇన్ని కొండలు, ఇంత వెలుగు ఉండగా మన వీడియోల వెనుక ఏ ఊరివో తెలియని రేకులు రాలుతుండటం నాకు నచ్చదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: ఆ క్లిప్పులు మనమే కెమెరాతో తీసుకున్నవైతేనే మేలు. అయితే ప్రతి పనికీ అదే సరిపోదు, మిగతా దారులకూ వాటి చోటు వాటికి ఉంది.

డబ్బు కట్టి తీసుకునే వాటితో మొదలుపెడదాం. ఎన్వాటో (ఇదివరకు ఎన్వాటో ఎలిమెంట్స్), స్టోరీబ్లాక్స్ వంటి చోట్ల చందా కడితే శుభ్రమైన క్లిప్పులు దొరుకుతాయి. చాలావాటికి లూపు, అంటే చివర మొదలుతో అతుకు తెలియకుండా కలిసి మళ్లీ మళ్లీ ఆడే తీరు, ముందే కుదిర్చి ఉంటుంది. రేపటికల్లా ఇవ్వాల్సిన పనికి ఇది నిజంగా ఆదుకుంటుంది. కానీ చందాతో పోగేసిన సేకరణ పూర్తిగా మనది కాదు.  ఎన్వాటోలో చందా ఆపేశాక, పూర్తయిన వీడియోలకు ఇబ్బంది లేదు. డిస్కులో మిగిలిన క్లిప్పులను కొత్త పెళ్లికి వాడటానికి మాత్రం హక్కు ఉండదు. విడిగా ఒక్కో క్లిప్పు కొనేటప్పుడు కూడా ఆ లైసెన్సు ఒక వీడియోకా, ఎన్నింటికైనానా అన్నది చదివి కొనాలి.

ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు హార్డ్ డిస్కులో చేతులు మారే ‘ప్యాకు’లను నేను పోటీలోకే తీసుకోను. వాటికి లైసెన్సు ఉండదు. పైగా ఎన్నిసార్లు కుదించారో తెలియని ఆ ఫైళ్లను నల్లని చోట గమనిస్తే గళ్లు గళ్లుగా కనిపిస్తాయి.

ఉచితంగా దొరికేవాటిలో పెక్సెల్స్, పిక్సాబే, మిక్స్‌కిట్ బాగా వాడుకలో ఉన్నాయి. మొదటి రెండింటినీ 2019లో కాన్వా కొనుక్కుంది. పెక్సెల్స్, పిక్సాబే క్లిప్పులను డబ్బు తీసుకుని చేసే పనిలోనూ వాడుకోవచ్చు, పేరు వేయనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు తిరిగి అమ్మడం మాత్రం కుదరదు. ఈ షరతులు ఎప్పటికీ ఒకేలా ఉండవు. పిక్సాబే మొదట్లో సీసీ0 (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద ఇచ్చేది, 2019 జనవరిలో సొంత లైసెన్సుకు మారింది. అందుకే క్లిప్పు దింపిన రోజే దాని లైసెన్సు పేజీని పీడీఎఫ్‌గా దాచి, అదే ఫోల్డరులో పెట్టుకోండి.

ఉచిత క్లిప్పులతో అసలు చిక్కు ఫ్రేముల దగ్గర వస్తుంది. మన దగ్గర పెళ్లి వీడియోలు ఎక్కువగా సెకనుకు 25 ఫ్రేముల్లో సాగుతాయి. దింపుకున్నవి చాలావరకు 24లోనో 30లోనో 60లోనో ఉంటాయి. 30 ఫ్రేముల క్లిప్పును అలాగే 25 ఫ్రేముల టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో క్లిప్పులను వరసగా పేర్చే పట్టీ) మీద పడేస్తే ప్రతి ఆరో ఫ్రేమూ రాలిపోతుంది. పక్కకు జరిగే నలుసులు సన్నగా అదురుతాయి. ఎందుకో తెలియకుండానే చూసేవారి కన్ను అలసిపోతుంది. దీనికి మందు తేలిక. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిసాల్వ్ అయితే క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో, అడోబీ వారి ప్రీమియర్‌లోనూ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనూ ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో దాన్ని 25గా చెప్పండి. పది సెకన్ల క్లిప్పులోని 300 ఫ్రేములూ నిలిచి, నిడివి పన్నెండు సెకన్లవుతుంది. ఆ కాస్త నెమ్మది బ్యాక్‌గ్రౌండ్‌కు అందమే.

సాఫ్ట్‌వేర్‌లోనే పుట్టించేది ఇంకో దారి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఫ్రాక్టల్ నాయిస్ (మబ్బులాంటి నమూనాను పుట్టించే ఎఫెక్ట్) వేసి, ఎవల్యూషన్ ఆప్షన్స్ కింద సైకిల్ ఎవల్యూషన్ పెడితే మొదలూ చివరా కచ్చితంగా కలుస్తాయి. దానికి చందా భారమనుకుంటే డావిన్సీ రిసాల్వ్ ఉంది. 2018లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి ఫ్యూజన్ అనే ఎఫెక్టుల విభాగం అందులోనే కలిసి ఉంటోంది. ఫాస్ట్ నాయిస్ అనే ఒక్క నోడు (ఫ్యూజన్‌లో ఒక పని చేసే పెట్టె)తో మబ్బు, పొగమంచు, పట్టుబట్ట మీద మెరుపు వంటివన్నీ రాబట్టవచ్చు. ఉచిత వెర్షన్ 3840×2160 వరకు రెండర్ చేస్తుంది, అంటే పూర్తయిన వీడియో ఫైలుగా బయటికి ఇస్తుంది. పెళ్లికూతురి చీర రంగును ఫొటోలోంచి ఎత్తి అదే ఛాయలో బ్యాక్‌గ్రౌండ్ తయారు చేయడం ఈ దారిలోనే బాగా కుదురుతుంది. ముదురు నీలం, ముదురు ఎరుపు వంటి రంగుల్లో మాత్రం చారలు పడతాయి. 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి కాబట్టి నెమ్మదిగా మారే ఛాయ మెట్లు మెట్లుగా బయటపడుతుంది. పైన సన్నని గ్రెయిన్ (ఇసుకలాంటి నలుసు) చల్లి, వీలైతే 10 బిట్లలో రెండర్ చేస్తే చాలావరకు పోతాయి.

ఇక మనమే కెమెరాతో తీసుకునేవి. పూర్ణా మార్కెట్‌లో కొన్న బంతిపూల రేకులు, ఇంట్లోని సాంబ్రాణి, దీపం, గాజు గ్లాసు నీటిలో జారవిడిచిన పసుపు, ఒక గజం నల్ల వెల్వెట్ గుడ్డ ఉంటే చాలు. గుడ్డను వెనుక కట్టి, పక్క నుంచి మాత్రమే వెలుగు పడనిచ్చి తీయండి. టైమ్‌లైన్‌లో ఆ క్లిప్పును పై లేయర్‌లో పెట్టి బ్లెండ్ మోడ్‌ను (పై లేయరు కింది దానితో కలిసే తీరును) స్క్రీన్‌కు మార్చితే నలుపు మాయమై, రేకులూ పొగా మాత్రమే మిగులుతాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి తలంబ్రాలు. పసుపు కలిపిన బియ్యాన్ని లెన్సు ముందు నుంచి జారవిడిచి, సెకనుకు 100 ఫ్రేములతో తీసి, 25కు తెస్తే నాలుగింతల నెమ్మదిగా కురుస్తాయి. పేర్ల వెనుక అవి కురుస్తుంటే అది తెలుగు పెళ్లి అని ఎవరూ చెప్పనక్కర్లేదు. గులాబీ రేకులు ఆ పని చేయలేవు.

ఇంట్లో కరెంటు దీపాల కింద తీస్తే షట్టరు (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/50 లేదా 1/100 సెకను ఉంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టరు దానితో కలవకపోతే క్లిప్పంతా అలలు అలలుగా వెలుగు ఊగుతుంది. ఎండలో తీస్తే ఈ బాధ లేదు.

సముద్రం దగ్గర కొంచెం ఓపిక కావాలి. మనకు సూర్యుడు సముద్రం వైపు నుంచే ఉదయిస్తాడు కాబట్టి ఆర్కే బీచ్‌లో తెల్లవారిన కాసేపటికి నీటి మీద తళుకులు ఎదురుగా వస్తాయి. ఫోకస్ పూర్తిగా తప్పించి తీస్తే ఒక్కో తళుకూ గుండ్రని వెలుగు చుక్క అవుతుంది. రాత్రి కైలాసగిరి మీద నుంచి నగర దీపాలనూ ఇలాగే తీయవచ్చు. ఎఫ్ 1.8 వరకు తెరుచుకునే 50 ఎంఎం లెన్సు ఉంటే చుక్కలు పెద్దవిగా వస్తాయి. ఉప్పు గాలి లెన్సు మీద పొరలా పేరుకుంటే నలుపు కాస్తా బూడిద రంగవుతుంది. స్క్రీన్ మోడ్‌లో అది తెల్లని తెరలా కనిపిస్తుంది. ముందు గాలి ఊది, ఆ తర్వాతే తడి గుడ్డతో తుడవండి. ఎడిటింగ్‌లో కర్వ్స్ (వెలుగు నీడలను సర్దే గీత)తో నలుపును కిందికి దించండి. డ్రోను మాత్రం వద్దు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు ఇది, ఎగరేయకూడని ప్రాంతాలు ఎక్కువ. బ్యాక్‌గ్రౌండ్ కోసం అంత ఎత్తు అవసరమూ లేదు.

సొంత క్లిప్పుకు లూపు మనమే కుదుర్చుకోవాలి. క్లిప్పును సగానికి కోసి, రెండో సగాన్ని ముందుకూ మొదటి సగాన్ని వెనక్కూ మార్చి, మధ్య అతుకులో ఒక సెకను డిజాల్వ్ (ఒక దృశ్యం కరుగుతూ ఇంకొకటి తేలడం) వేయండి. చివరి ఫ్రేము తర్వాత మొదటి ఫ్రేము సహజంగానే వస్తుంది. తళుకులకూ రేకులకూ ఇది చక్కగా పనిచేస్తుంది. ఒడ్డును తాకే కెరటానికి పనిచేయదు, అతుకు దగ్గర రెండు కెరటాలు ఒకదానిలో ఒకటి కనిపిస్తాయి. క్లిప్పును ముందుకూ వెనక్కూ ఆడించే ఉపాయం పొగ మీద వాడకండి, పైకి లేచిన పొగ కిందికి దిగుతుంది.

ఏ దారిలో వచ్చినదైనా పేర్ల కోసం దాన్ని అణచాల్సిందే. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. వెనుక చిన్న చిన్న మెరుపులు కదులుతుంటే ‘కృష్ణ’లో వట్రసుడి, ణ వత్తు రెండూ వాటిలో కలిసిపోతాయి. పేరు పడే చోట వెలుగు తగ్గించి, కాస్త బ్లర్ వేసి, కదలికను అంచులకే వదిలేయండి. కొన్న క్లిప్పుల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. వాటిలో చాలావరకు తామే కథానాయకులమన్నట్టు మధ్యలోనే మెరుస్తాయి.

రిసెప్షన్ వేదిక మీది ఎల్ఈడీ గోడకైతే సాఫ్ట్‌వేర్‌లో పుట్టించినదే మేలు. పి3.91 రకం (చుక్కకూ చుక్కకూ మధ్య 3.91 మిల్లీమీటర్లు) గోడలో అర మీటరు పలకకు 128 చుక్కలుంటాయి. నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గోడంటే 1024×640 మాత్రమే. అక్కడ 4కె వల్ల ఒరిగేది లేదు. గోడ కొలత ఎల్ఈడీ వారిని ముందే అడిగి, అదే కొలతలో రెండర్ చేస్తే గణపతి బొమ్మ సాగదు, పేరు అంచున తెగదు. తలంబ్రాల క్లిప్పును దాని మీద స్క్రీన్ మోడ్‌లో వేసి ఇవ్వవచ్చు. వెలుగు మాత్రం సగానికి తగ్గించండి. లేకపోతే గోడ ముందు నిలబడిన జంట ముఖాలు కెమెరాలో నల్లబడతాయి.