మా కొలువులో పాలకడలి: మూడు దసరాల తర్వాత మిస్ట్ మేకర్ గురించి

మిస్ట్ మేకర్ అంటే నీళ్లలో వేసి ప్లగ్ పెడితే తెల్లటి పొగలాంటి తుంపర లేపే చిన్న యంత్రం. అంతకుమించి వివరాల జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది నీళ్ల గురించి.

మల్కాజిగిరిలో మా ఫ్లాట్‌లో మూడేళ్లుగా బొమ్మల కొలువులో వాడుతున్నాను. కింది మెట్టు ముందు వెడల్పాటి ఇత్తడి పళ్లెం, మధ్యలో శేషశాయి, చుట్టూ తెల్లటి పొగ. అది పళ్లెం నిండా చేరి, పాలు పొంగినట్టు అంచు మీదుగా జారి నేల మీద పాకుతుంటే మొదటి ఏడాది మా అత్తయ్య అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని దీపం సంగతే మరిచిపోయారు. అప్పట్లో కనిపించిన ప్రతివాళ్లకీ కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు మాత్రం ముందు "మీ ఇంట్లో ఏ నీళ్లు?" అని అడుగుతున్నాను.

మంజీరా కుళాయి నీళ్లు తాగడానికి పట్టుకుంటాం, మిగతా అన్నిటికీ మాకు బోరే. రెండో ఏడాది పళ్లెంలోనూ అవే పోశాను. దుర్గాష్టమి పేరంటం, ఇల్లంతా జనం, ఆరున్నరకి పొగ పలచబడింది, ఏడింటికి నీళ్లు కుతకుతమంటున్నాయి గానీ పైకేమీ రావట్లేదు. ఎదురింటి పాప వచ్చి "ఆంటీ, మీ సముద్రం ఎండిపోయింది" అంది. ప్లగ్ తీసి చూస్తే యంత్రంలోని రూపాయి బిళ్లంత డిస్క్ మీద గీజర్ కాయిల్‌కి పట్టినట్టు తెల్లటి పెచ్చు.

దానికి మందుంది. తెల్ల వెనిగర్‌లో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే పొగ మళ్లీ వచ్చింది. నాకు బాధేసింది బొమ్మల్ని చూసి. రెండో మెట్టు మీది కొండపల్లి బొమ్మలన్నిటి మీదా పిండి చల్లినట్టు తెల్లటి పొడి! ఈ యంత్రం నీళ్లని మరిగించదు కదా, డిస్క్ సెకనుకి లక్షల సార్లు అదిరి నీటిని సన్నటి తుంపరగా ఎగరగొడుతుంది, ఆ తుంపరతో పాటే నీళ్లలోని సున్నమూ లేస్తుంది, తడి ఆరిపోయాక సున్నం బొమ్మ మీద మిగిలిపోతుంది. తడిగుడ్డతో అంబారీ ఏనుగు తొండం తుడిస్తే రంగు గుడ్డకి వచ్చేసింది. పొణికి చెక్క బొమ్మ, మా అమ్మ పెళ్లినాటి సెట్టులోది.

పోయిన ఏడాది ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లే పోశాను, తొమ్మిది రోజులూ పొడి దాదాపు లేదు. నాలుగు ఐసు ముక్కలు వేస్తే పొగ కొంచెం తగ్గినా కిందనే ఉంటుంది. ఫ్యాన్ మాత్రం ఆపాలి, పట్టుచీరల్లో వచ్చినవాళ్లకి ఉక్కపోత తప్పదు.

ఇంకా చిక్కటి పొగ కావాలంటే డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, ఉంది. కానీ అది మైనస్ 78 డిగ్రీల చల్లదనం, పైగా అది వదిలే కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు, కిందనే పేరుకుంటుంది. కింద కూర్చుని ఆడుకునే పిల్లలున్న ఇంట్లోకి నేనైతే తేను.

మాకు ఏడాదికి తొమ్మిది సాయంత్రాలు, పూటకి గంటన్నర, అంతకి ఇది చాలు. రోజూ వాడాలనుకునేవాళ్ల సంగతి నేను చెప్పలేను. మళ్లీ కొంటానా అంటే కొంటాను, ఫిల్టర్ ఉంది కాబట్టి. పళ్లెం పక్కన ఇప్పుడు ఏటికొప్పాక లక్క బొమ్మలు పెడుతున్నాను, వాటి మీద ఏం పడినా తుడిస్తే పోతుంది. అంబారీ ఏనుగు పై మెట్టుకి వెళ్లింది.