సైకిల్ కోసం వెతికి కొన్న కారు: హోండా జాజ్‌తో ఐదారేళ్లు

సైకిల్ తొక్కేవాళ్లకి ఏ కారు బాగుంటుందని అడిగితే ఎక్కువమంది ఏదో ఒక పెద్ద ఎస్‌యూవీ పేరు చెప్తారు. నేనైతే 2018కి ముందు వచ్చిన హోండా జాజ్‌లో పై వేరియంట్ అయిన వీఎక్స్ వెతుక్కోమంటాను. నాలుగు మీటర్లు కూడా లేని బండి. పైగా 2023లో మన దేశంలో దాని అమ్మకాలే ఆగిపోయాయి. అయినా నా మాట అదే. నాది 2016 పెట్రోల్ మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఐదారేళ్లుగా నా రోడ్ బైక్‌ని (సన్న టైర్ల సైకిల్), మా ఆవిడ హైబ్రిడ్ సైకిల్‌ని, ఏడాదికో సైజు మారే మా పాప సైకిళ్లని అదే మోస్తోంది.

సైకిల్‌ని కారులో ఎక్కించుకుని తిరగడం ఏమిటని నవ్వేవాళ్లు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు. మేముండేది హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ వైపు. తొక్కడానికి హాయిగా ఉండే రోడ్లన్నీ ఊరికి అటు చివర: గండిపేట చుట్టుపక్కల, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్, ఇంకా ముందుకెళ్తే వికారాబాద్ అనంతగిరి కొండలు. చీకట్లో లారీల మధ్య ఊరంతా దాటి, అప్పుడు అసలు రైడ్ మొదలుపెట్టే ఓపిక ఉన్నవాళ్లకి ఓ దండం. నాకు లేదు.

కారు ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌లో డిక్కీ ఎన్ని లీటర్లని రాశారో చూడటం మానేశాను. అది సూట్‌కేసుల లెక్క. రోడ్ బైక్ చక్రం టైరుతో కలిపి దాదాపు 68 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది. ముందు చక్రం తీసేసినా మిగిలిన సైకిల్ పొడవు 130 సెంటీమీటర్లు దాటుతుంది. దానికి కావాల్సింది వెనక సీటు పూర్తిగా మడిచాక గట్టూ గుంటా లేని నేల, ఆ నేల కిందికి ఉండటం, డిక్కీ తలుపు వెడల్పుగా తెరుచుకోవడం. ఇలా చూస్తే చాలా బండ్లు మొదట్లోనే పక్కకు పోతాయి. డిజైర్ డిక్కీ చూడటానికి పెద్దదే, కానీ వెనక సీటు మడవదు. సీఎన్‌జీ బండ్లలో చాలావాటికి సిలిండరే డిక్కీలో కూర్చుంటుంది, ఇక సైకిల్ ఊసే అక్కర్లేదు. ఎర్టిగాలో చోటుకు లోటు లేదు గానీ, 4.4 మీటర్ల బండి మా అపార్ట్‌మెంట్ స్తంభాల మధ్య పట్టదు. రెనో ట్రైబర్ సంగతి వేరు. అందులో మూడో వరస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టేసుకోవచ్చు, అప్పుడు డిక్కీ 625 లీటర్లవుతుంది. కొత్త కారే కావాలనేవాళ్లకి ఇప్పటికీ అదే చెప్తాను.

జాజ్‌లో ఉన్న అసలు కిటుకు పెట్రోల్ ట్యాంకు. మామూలు కార్లలో అది వెనక సీటు కింద ఉంటుంది. 2001లో జపాన్‌లో ఫిట్ పేరుతో మొదటిసారి వచ్చినప్పుడే హోండావాళ్లు దాన్ని ముందు సీట్ల కిందికి జరిపేశారు. దాంతో వెనకంతా ఖాళీ. సీటు వీపు భాగాన్ని ముందుకు నొక్కితే కుషన్‌తో సహా కిందికి దిగిపోయి దాదాపు సాపు నేల అయిపోతుంది. లేదంటే కుషన్‌ని సినిమా హాల్ కుర్చీలా పైకి ఎత్తి పెట్టొచ్చు, అప్పుడు కింది నుంచి కప్పు దాకా ఖాళీ దొరుకుతుంది. దీనికి మ్యాజిక్ సీట్ అని పేరు పెట్టారు. పేరు కాస్త ఎక్కువే అనిపించినా, పని మాత్రం చేస్తుంది.

కొనేరోజు నా సైకిల్ తొక్కుకుంటూ పాత కార్ల యార్డుకి వెళ్లాను. "సైకిల్ ఏంది సార్, టెస్ట్ డ్రైవ్ జేయండి ముందు" అన్నాడు అక్కడి కుర్రాడు. ముందు సైకిల్ ఎక్కాలి, తర్వాతే డ్రైవ్ అన్నాను. కుర్రాడు నవ్వుతూనే డిక్కీ తెరిచి, వెనక చక్రం పట్టుకుని సాయం చేశాడు. సీటు వెనక్కి జరిపి కూర్చుంటే సైకిల్ నా వీపుకి తగులుతుందేమో చూసుకున్నాను, తగల్లేదు. టేపు పెట్టి కొలిచే పనే లేదు. ఎవరైనా ఇలాగే చేయాలి, సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పుడు ఎక్కించడం చేతికి అలవాటైన పని. ముందు ఛెయిన్‌ని వెనకాల అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి దింపుతాను. అప్పుడు డిరైలర్ (గేర్లు మార్చేటప్పుడు ఛెయిన్‌ని జరిపే భాగం) లోపలికి ముడుచుకుంటుంది, దేనికీ కొట్టుకోదు. ముందు చక్రం తీసేస్తాను. డిస్క్ బ్రేకులైతే వెంటనే బ్రేక్ ప్యాడ్ల మధ్య, అవి దగ్గరికి రాకుండా ఆపే ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. లేకపోతే దారిలో బ్రేక్ లీవర్ దేనికైనా నొక్కుకుంటే ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తాయి, దిగాక డిస్క్ మళ్లీ అందులో దూరదు. ప్లాస్టిక్ ముక్క పోయిందా, మందపాటి అట్టముక్క మడిచి పెట్టినా చాలు. పాత దుప్పటి పరిచి, వెనక చక్రం ముందు సీట్ల వైపు వెళ్లేలా, ఛెయిన్ ఉన్న పక్క పైకి ఉండేలా పడుకోబెడతాను. ఛెయిన్ కిందికి వస్తే బరువంతా డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ మీద పడి అది వంగిపోవచ్చు. వంగితే తర్వాత గేర్లు ఎంత సర్దినా కుదరవు. హ్యాండిల్ డిక్కీ వైపు మిగులుతుంది, కొంచెం తిప్పితే తలుపు పడుతుంది. పైన ఇంకో దుప్పటి, దాని మీద రెండో సైకిల్ ఎదురు దిక్కున. పెడల్ మొన ఫ్రేముకి ఆనకుండా మధ్యలో చిన్న దిండు. చక్రాలు పక్కన నిలబడతాయి. ఇదంతా అయ్యేసరికి మా ఆవిడ ఫ్లాస్కులో టీ పోసుకుని రావడం కూడా పూర్తికాదు.

సైకిల్‌ని వదులుగా వదిలేయకూడదు. గట్టిగా బ్రేక్ వేస్తే సామానంతా ముందుకే వస్తుంది. నేను సీట్ బెల్టుని ఫ్రేము లోంచి దూర్చి బిగిస్తాను, ఇంకో పట్టీతో డిక్కీ నేలలో ఉన్న కొక్కేలకి కడతాను. ముగ్గురం ఒక సైకిల్‌తో వెళ్లాలంటే వెనక సీటు 60:40 చీలిక పనికొస్తుంది. పెద్ద ముక్క మడిచి సైకిల్ పెట్టి, చిన్న ముక్కలో పాప కూర్చుంటుంది. ముగ్గురికీ మూడు సైకిళ్లంటే మాత్రం కుదరదు.

కుషన్ పైకెత్తే పద్ధతి ఫోటోల్లో చాలా బాగుంటుంది. పెద్ద సైకిల్‌ని అలా అడ్డంగా నిలబెట్టాలని చాలాసార్లు చూశాను, రెండు చక్రాలూ తీస్తే తప్ప తలుపు పడదు. అంత శ్రమెందుకు. పిల్లల సైకిల్‌కి, మడత సైకిల్‌కి మాత్రం అది వరం. పాప 16 అంగుళాల సైకిల్ ఏ చక్రమూ తీయకుండా పక్క తలుపులోంచి లోపలికి వెళ్లి అలాగే నిలబడేది, డిక్కీ మొత్తం సామాన్లకి మిగిలేది.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఎవరూ పెద్దగా మాట్లాడని ఇంకో ఏర్పాటు. ముందు సీటు తలగడ పీకేసి వీపు భాగాన్ని పూర్తిగా వెనక్కి వాలిస్తే వెనక సీటుతో కలిసి పడక అవుతుంది. బీఆర్‌ఎం అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్; 300 కిలోమీటర్లదానికి 20 గంటల గడువు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే అర్ధరాత్రి దాటాక కూడా ముగియొచ్చు. ఆ ఒంటితో స్టీరింగ్ పట్టుకోవడం సైకిల్ తొక్కడం కన్నా ప్రమాదం. సైకిల్‌ని కారు బయట గొలుసుతో కట్టేసి, అద్దాలు వేలెడంత దించి పడుకుంటాను. దోమలు కుడతాయి, నిజమే. తెల్లారాక ఇంటికి డ్రైవ్ చేయగలుగుతాను.

బయట బిగించే ర్యాకుల గురించి అడిగేవాళ్లు ఎక్కువ. కారు కప్పు మీద బిగించేది, డిక్కీకి వేలాడదీసేది, నేను రెండు రకాలూ వాడి అమ్మేశాను. జాజ్ ఎత్తు 1.54 మీటర్లు, పైన సైకిల్ నిలబెడితే రెండున్నర మీటర్లు దాటుతుంది. సెల్లార్ పార్కింగులోకి దిగేటప్పుడు, చెట్ల కింద ఆపేటప్పుడు ప్రతిసారీ టెన్షనే. హైవే మీద గాలి హోరు, పెట్రోల్ ఖర్చు అదనం. డిక్కీకి పట్టీలతో వేలాడదీసే రకం చవక. కానీ వేలాడే సైకిల్ కారు నెంబర్ ప్లేటునీ వెనక లైట్లనీ కప్పేస్తుంది, ప్లేటు కనబడకపోతే చలానా రాస్తారు. డిక్కీ పైన ప్లాస్టిక్ స్పాయిలర్ అంచుకి కొక్కెం పడుతుంది కాబట్టి దాని మీద అంత బరువు వేయడానికి మనసొప్పదు. దారిలో టిఫిన్ కోసం ఆగితే ఇడ్లీ తింటూ ఓ కన్ను బయటే. ఎక్కువమందిని తీసుకెళ్లాల్సినవాళ్లకి ర్యాకు తప్పదు. ఇద్దరికైతే లోపలి చోటే మేలు.

డ్రైవింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 1.2 లీటర్ ఇంజిన్, 90 పీఎస్. ఊళ్లో తేలిగ్గా, నిశ్శబ్దంగా పోతుంది. ఘాట్ రోడ్డులో ఏసీ వేసి నిండుగా వెళ్తే గేర్ దించి ఆర్‌పీఎం పెంచి తోలాలి. నాకు లీటరుకి ఊళ్లో 13, 14 కిలోమీటర్లు, హైవే మీద 18 దాకా వస్తోంది. గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు, పల్లెటూళ్లలో ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం ఏటవాలుగా ఎక్కించుకుంటాను.

ఐదారేళ్ల సైకిల్ కాపురం గుర్తులు లోపల బాగానే ఉన్నాయి. డిక్కీ పక్క ప్లాస్టిక్ మీద పెడల్ గీతలు, పైకప్పు గుడ్డ మీద సబ్బుతో రుద్దినా పోని ఛెయిన్ మరక. చెమట బట్టలు, తడి బూట్లు వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేసినా పొద్దున తలుపు తీయలేం. మే నెలలో ఇంకో గొడవ: ఎండలో ఆపిన కారులో ట్యూబ్‌లెస్ టైర్ల సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) త్వరగా ఎండిపోతుంది, ప్యాచ్ జిగురు గట్టిపడుతుంది. పంక్చర్ సామాను ఇంట్లోనే పెట్టుకుని రైడ్ రోజున తెచ్చుకుంటాను. ప్లాస్టిక్ మీద గీతలు పడతాయని బాధపడేవాళ్లు డిక్కీకి రబ్బరు మ్యాట్ వేయించుకోవచ్చు. నేను వేయించలేదు.

మోడల్ ఆగిపోయిందని భయపడేవాళ్లకి ఒక మాట. ఈ పెట్రోల్ ఇంజిన్ హోండా అమేజ్‌లోనూ ఉంది, కాబట్టి ఆ సామానుకి ఇబ్బంది లేదు. బాడీ సామాను వేరే కథ, ఆర్డర్ పెట్టి ఆగాల్సి వస్తుంది.

ఇక కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటే. మ్యాజిక్ సీట్ అన్ని జాజ్‌లలో లేదు. 2015లో వచ్చిన మోడల్‌లో పై వేరియంట్‌కే ఇచ్చారు, 2018 జూలైలో మార్పులతో వచ్చిన బండిలో అదీ తీసేశారు. ఫోన్‌లో అడిగితే ప్రతివాళ్లూ "టాప్ మోడలే సార్" అంటారు. వెనక సీటు కుషన్ పైకి ఎత్తి వీడియో పంపమనండి. అది లేవకపోతే మీరు వెళ్లడం దండగ.