నర్సీపట్నం అడ్డాకుల కొట్టు: ఆకు మంచిది, లెక్క ఇంకా మంచిది

చోడవరం చుట్టుపక్కల పెళ్లిళ్లకి, గుడి అన్నదానాలకి వంటలు ఒప్పుకుంటాను. విస్తళ్లు తెచ్చే బాధ్యత కూడా మాదే. వంట కుదిర్చుకోడానికి వచ్చినవాళ్లు కూరలెన్ని, స్వీటేమిటి అని అడుగుతారు గాని ఆకు ఎలాంటిదని ఒక్కరూ అడగరు. తీరా బంతిలో సాంబారు కారి ఎవరి పట్టుచీర మీదో పడిందంటే మాట పడేది మేమే. అందుకని ఆకు విషయంలో నేను రాజీ పడను. కొన్నేళ్లుగా నర్సీపట్నం మార్కెట్టు వెనక సందులో ఉన్న ఒక పాత కొట్టు నుంచే తెస్తున్నాను. బోర్డు లేదు. అడ్డాకుల కొట్టు అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

ఆకు చింతపల్లి, కొయ్యూరు, జి.మాడుగుల వైపు కొండల నుంచి దిగుతుంది. అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా. అడ్డ అనేది చెట్టు కాదు, తీగ. పెద్ద చెట్లను అల్లుకుంటూ వాటి నెత్తి దాకా పాకేస్తుంది. చెట్టు ఎదుగుదలకి అడ్డమని ఈ తీగల్ని నరికించడం అటవీ శాఖల్లో పాత అలవాటు. కొండమీద వాళ్లకి మాత్రం అందులో పారేసేది తక్కువ. నారతో తాళ్లు పేనుకుంటారు, పిక్కలు కాల్చుకుని తింటారు, ఆకులు కుట్టి సంతకి తెస్తారు. ఆకు వెడల్పుగా, కొసన రెండుగా చీలి ఉంటుంది. నాలుగైదు కలిపి పుల్లలు గుచ్చితే ఒక విస్తరి. అన్నవరం ప్రసాదం పొట్లం విప్పినప్పుడు వచ్చే ఆ వాసనలో సగం ఈ ఆకుదే.

ఇప్పుడు సరుకు సంగతి. లేతాకు ఎండితే ముడుచుకుపోతుంది, వేడన్నం పడగానే చిరుగుతుంది. మరీ ముదిరితే మడత దగ్గర పెళుసుగా విరుగుతుంది. రెండింటికీ మధ్యలో ఉన్న ఆకు కోసి, నీడా ఎండా చూసి ఆరబెట్టి, బరువు పెట్టి చదును చేస్తే దానికి తిరుగులేదు. పైన కాసిని నీళ్లు చల్లి తుడిస్తే మెత్తబడి నేలకి అతుక్కుని కూర్చుంటుంది. ముద్దపప్పు, పులుసు, పెరుగు వరసగా పడినా కింద తడి తేలదు. ఈ కొట్టులో మొదటి రకం కట్టలన్నీ ఇలాంటివే. వెలుతురుకి ఎత్తి చూశాను, ఆకుకీ ఆకుకీ మధ్య సందు కనపడదు. పుల్ల కొసలు పైకి పొడుచుకురావు. పిల్లలు కూర్చునే బంతికి ఇది చాలా ముఖ్యం.

ఇంత నికరంగా సరుకు ఎలా వస్తోందా అని ఒకరోజు అక్కడే కూర్చుని చూశాను. ఆ రోజు కొండ నుంచి ఆడవాళ్లు కట్టలు దించారు. కొట్టాయన ఒక్కో కట్టా వాళ్ల ముందే విప్పి, లెక్కపెట్టి, మొదటి రకం ఒక పక్క, రెండో రకం ఒక పక్క పెట్టాడు. రెండింటికీ రేటు వేరు. ఒకావిడ ఒప్పుకోలేదు.

"ఏటి సావుకారీ, ఈ ఆకుకి ఏటైంది?"

"ఆకు మంచిదేనమ్మా. పుల్లలు దూరం పడ్డాయి, ఇదిగో చూడు, మెతుకు జారిపోద్ది" అని వేలు పెట్టి చూపించాడు.

ఆవిడ ఇంకా నమ్మకం లేనట్టే ఇంకో నాలుగు విప్పించి చూసి, అప్పుడు సరే అంది. డబ్బు అక్కడికక్కడే చేతిలో పెట్టాడు. అప్పు కింద పట్టుకోవడం, వచ్చే సంతకి ఇస్తాననడం లేవు. నా మటుకు నాకు ఈ కొట్టు గొప్పతనం అంతా ఆ లెక్కలోనే కనపడింది. బాగా కుట్టినదానికి ఎక్కువ వస్తుందని తెలిస్తే మనిషి బాగానే కుడుతుంది. మంచీ చెడ్డా కలిపి ఒకటే రేటుకి కొనేచోట దగ్గర దగ్గరగా పుల్ల గుచ్చడానికి ఎవరైనా పొద్దు ఎందుకు పోగొట్టుకుంటారు? వేరే ఊళ్లో ఇంకో కొట్టులో అలాగే కొనేవారు. పై పది విస్తళ్లూ నిగనిగలాడేవి, లోపలంతా చిల్లులు.

ఆకు కోసేవాళ్లది ఎవరి దయ మీదో బతికే బతుకు కూడా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించి అమ్ముకునే హక్కు, వాటి మీద యాజమాన్యం అడవిలో బతికేవాళ్లకే ఇచ్చింది. కాగితం మీది హక్కు కడుపు నింపాలంటే కిందికి దిగిన సరుకుకి సరైన ధర పలకాలి. అందుకే ఇక్కడ నేను బేరం ఆడను. పెళ్లివారికి ఇచ్చే ఎస్టిమేట్‌లోనే ఆకు ధర విడిగా రాస్తాను. ఎందుకు ఎక్కువ అని అడిగితే విస్తరి చేతిలో పెట్టి చూపిస్తాను.

మెషిన్ ప్లేట్ల గురించి కూడా చెప్పాలి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు దేశమంతటా నిషేధించాక, ఆకుని అచ్చులో నొక్కిన ప్లేట్లు బాగా అడుగుతున్నారు. బఫే అంటే నిలబడి తినాలి కాబట్టి చేతికుట్టు విస్తరి పనికిరాదు, గట్టి ప్లేటే కావాలి. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆకు ప్లేటని అమ్మేవన్నీ ఆకువి కావు. విశాఖలో ఒకచోట తెచ్చిన ప్లేటు చింపి చూస్తే పైన ఆకు, కింద అట్ట, మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర. అన్నదానం అయ్యాక ఎంగిలాకుల దగ్గరికి ఆవులు వస్తాయి. ఆ పొర వాటి కడుపులోకి పోతుంది. గుడి కమిటీ వాళ్లకి ఇది చింపి చూపించాక వాళ్లే వద్దన్నారు. మన కొట్టులో అట్ట ప్లేటుని అట్ట ప్లేటనే చెప్పి అమ్ముతారు, ఆకు మీద ఆకు వేసి నొక్కినవి విడిగా ఉంచుతారు. ఈ రెండోవి సాంబారుకి కాసేపే ఆగుతాయి, టిఫిన్లకి బాగుంటాయి.

డొప్పలు పులిహోరకి, ప్రసాదానికి బాగున్నాయి. పాయసం పోసేటట్టయితే రెండు డొప్పలు జోడించండి.

ఆకుతో పాటు చింతపండు, కుంకుడుకాయలు, శీకాయ, కొండచీపుర్లు కూడా పెడతారు. చింతపండు పిక్క తీసినదే కొనండి, పులుపు బాగుంది. చీపుర్లు గట్టివి. తేనె వాళ్లు పెట్టరు. నేను తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలోనే కొంటాను. 1956 నుంచి ఏజెన్సీలో ఇలాంటి సరుకు కొంటున్న సంస్థ అది, వాళ్ల తేనె మా ఇంట్లో అందరికీ ఇష్టం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వానాకాలంలో సరుకు దాచే గది చాలదు. జూలై, ఆగస్టుల్లో అడుగు కట్టలకి చెమ్మ తగిలి బూజు వాసన వస్తుంది. అడిగితే మార్చి ఇస్తారు గాని, మనమే విప్పి చూసుకోవాలి. గదిలో నేల మీద చెక్కలు పరిచి వాటి మీద కట్టలు పెడితే ఈ బాధ చాలావరకు పోతుందని ఆయనకి చెప్పాను, చేస్తే బాగుండు. ఫోన్లో ఆర్డరు తీసుకుంటారు గాని రాసి పెట్టుకోరు, ముందురోజు మళ్లీ గుర్తుచేయాలి. పెళ్లి ముందు ఈ టెన్షన్ ఒకటి. వంద విస్తళ్ల కట్టకి తక్కువ విడిగా ఇవ్వరు కాబట్టి ఇంట్లో వ్రతానికి పాతిక విస్తళ్లు కావాలంటే పక్కింటివాళ్లతో పంచుకోవాలి.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర కోసింది గోడౌను చెమ్మకి.

కార్తీక మాసంలో వనభోజనాలు, సత్యనారాయణ వ్రతాలు ఒక్కసారిగా మీద పడతాయి, మొదటి రకం దొరకదు. దసరా లోపే చెప్పి కొంత అడ్వాన్సు ఇచ్చి ఉంచండి. వెళ్లేటప్పుడు గోనెపట్టాలు తీసుకెళ్లండి, ప్లాస్టిక్ సంచిలో కడితే ఆకు చెమరుస్తుంది. పొద్దున్నే వెళ్తే కట్టలు విప్పి చూసుకునే తీరిక ఉంటుంది, పదకొండు దాటితే కొట్టు ముందు ఆటోలతో నిలబడే చోటుండదు.