ఫెయిర్‌బ్యాంక్స్ వేసవి: పిడుగుల కాలంలో ఎక్కడ దిగాలి, ఎప్పుడు తిరగాలి

డాలస్, సియాటిల్ వైపు నుంచి జూలై 4 సెలవులు కలుపుకుని అలాస్కా వెళ్లాలనుకుంటే ఒక సంగతి ముందే తెలియాలి. ఫెయిర్‌బ్యాంక్స్ ఊరున్న అలాస్కా నడిబొడ్డున పిడుగులు, కార్చిచ్చులు జోరుగా ఉండేది సరిగ్గా అప్పుడే. అక్కడి అగ్నిమాపక శాఖల లెక్కలో జూన్ 11 నుంచి జూలై 20 దాకా ఒక ప్రత్యేక దశ. అడవి నేలమీది నాచు పొర లోతుగా ఎండి, పడిన ప్రతి పిడుగునూ పట్టుకునే దశ అది. 2004లో 66 లక్షల ఎకరాలు, 2015లో 51 లక్షలు, 2022లో 31 లక్షలు కాలాయి. మంటలు అంటించేది చాలాసార్లు మనుషులే అయినా, కాలిన నేలలో అత్యధిక భాగం పిడుగుల పద్దులోకే వెళ్తుంది.

కారణం ఆ ప్రాంతపు అమరికలోనే ఉంది. దక్షిణాన అలాస్కా రేంజి, ఉత్తరాన బ్రూక్స్ రేంజి అనే పర్వతశ్రేణులు అడ్డు నిలబడటంతో సముద్రపు చల్లగాలి లోపలికి అందదు. జూన్ 21 ప్రాంతంలో ఫెయిర్‌బ్యాంక్స్‌లో పొద్దు దాదాపు 22 గంటలు ఉంటుంది. ఏడాది మొత్తం కురిసేది 300 మిల్లీమీటర్ల లోపే, అంటే అనంతపురం వానలో సుమారు సగం. ఆర్కిటిక్ వృత్తానికి కాస్త పైన ఉన్న ఫోర్ట్ యూకాన్‌లో 1915 జూన్ 27న 37.8 డిగ్రీల ఎండ కాసింది. అలాస్కా రికార్డు ఇప్పటికీ అదే.

ఇక్కడి ఉరుముల వానను మన వేసవి గాలివానలా ఊహించుకోకూడదు. మబ్బు అడుగున వాన తెరలా వేలాడుతుంది కానీ, చాలాసార్లు నేలను తాకకముందే ఆరిపోతుంది. పిడుగు మాత్రం పడుతుంది. నల్ల స్ప్రూస్ చెట్ల కింద జానెడు, మూరెడు మందాన పేరుకున్న నాచులో అది నిప్పుకణికలా దాక్కుని రోజుల తరబడి రాజుకుంటూ ఉంటుంది. గాలి లేచి, తేమ పడిపోయిన రోజున పైకి వస్తుంది. అందుకే ఉరుములు ఆగిపోయాయని ధీమాగా ఉండకూడదు. ఉరుముల తర్వాత వచ్చే పొడి గాలి రోజునే ఎక్కువ భయపడాలి. ఆ రోజుల్లో వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇస్తుంది.

గడియారం విషయంలో చాలామంది పొరపడతారు. అలాస్కా వేసవి సమయం సూర్యుడికంటే బాగా ముందుంటుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 1:50 దాటాక. కాబట్టి వేడి ముదిరేది సాయంత్రం 5, 6 గంటలకు. ఉరుములు 3 నుంచి 9 దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానూ ఉంటాయి. ‘వెలుతురు ఉందిగా, భోంచేసి కొండెక్కుదాం’ అనుకుంటే సరిగ్గా మబ్బు కిందకే వెళ్తారు. ఏంజెల్ రాక్స్ లాంటి చిన్న నడక (చుట్టు తిరిగి 3.5 మైళ్లు) ఉదయం 8కి మొదలెడితే మధ్యాహ్నానికి ముందే అయిపోతుంది. గ్రానైట్ టోర్స్ బాట 15 మైళ్లు, పైభాగమంతా బోడి మైదానం. మబ్బు పట్టే రోజున దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఊరి నుంచి ఈశాన్యానికి వెళ్లే స్టీస్ రోడ్డు పక్కన శిఖరాల మీదుగా సాగే పిన్నెల్ మౌంటెన్ బాట 27 మైళ్లు. దారంతా చెట్టు నీడ లేదు, ఉన్నవి రెండే ఆశ్రయ గుడిసెలు. ఉరుము వినబడితే శిఖరం దిగాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

పొగకు వేళలు వేరు. రాత్రి చల్లబడగానే పొగ ఊరున్న టనానా లోయలో దిగి కూర్చుంటుంది. తెల్లవారుజామున ఊళ్లో గాలి అధ్వానంగా ఉంటుంది, మధ్యాహ్నం గాలి కదిలితే కొంత తేరుకుంటుంది. అంటే పిడుగుల భయం లేని ఉదయమే పొగకు చెడ్డ వేళ. దీనికి విరుగుడు ఎత్తు. ఊళ్లో ఏమీ కనిపించని ఉదయం కూడా కొండ మీద, పొగ పొరకు పైన, ఆకాశం నీలంగా ఉండొచ్చు. గాలి నాణ్యత సూచీ 150 దాటితే పిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్లను బయట నడిపించకండి. 200 దాటితే ఎవరికైనా మ్యూజియమే మేలు. యూనివర్సిటీ మ్యూజియం ఆఫ్ ద నార్త్‌లో సగం రోజు హాయిగా గడుస్తుంది.

బస దగ్గరికి వస్తే, ఫెయిర్‌బ్యాంక్స్‌లో చాలా గదులకు ఏసీ ఉండదు. మామూలుగా కిటికీ తెరిస్తే చాలు, పొగ రోజున మాత్రం తెరవలేరు. గదిలో ఉక్క, బయట పొగ. బుక్ చేసేముందు ఏసీ ఉందా, గాలి ఫిల్టర్ ఉందా అని విడివిడిగా అడగండి, ‘కూలింగ్ ఉంది’ అంటే ఫ్యాన్ కావచ్చు. లేకపోతే చవకైన ఉపాయం ఉంది: 20 అంగుళాల బాక్స్ ఫ్యాను, 20×20×1 కొలతలో సన్నటి పొగ రేణువులను పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టరు, టేపు. ఫిల్టరును ఫ్యాను వెనక వైపు, అంచు మీది బాణం గుర్తు ఫ్యాను వైపు ఉండేలా బిగించాలి. అంచుల్లో సందు మిగిలితే లాభం లేదు. పాత ఫ్యాన్లకు మోటారు వేడెక్కుతుంది, వాటిని రాత్రంతా వదిలేయొద్దు. పొగ మొదలయ్యాక దుకాణాల్లో ఫిల్టర్లు దొరక్కపోవచ్చు కాబట్టి దిగిన రోజే కొనుక్కోవాలి. ఎన్95 మాస్కులు ఇంటినుంచే తెచ్చుకోండి. సర్జికల్ మాస్కు పొగకు పనికిరాదు, గడ్డం ఉంటే ఎన్95 కూడా సరిగ్గా అతకదు.

కొండవాలు కేబిన్లలో పొగ తక్కువ, దృశ్యం అందం. కానీ చుట్టూ అడవి, బయటికి ఒకటే దారి. 2019లో షవెల్ క్రీక్ మంట ఊరి దాపులోని మర్ఫీ డోమ్ కొండ వైపు ఇళ్లదాకా వచ్చింది. చీనా హాట్ స్ప్రింగ్స్ ఇంకా కఠినమైన ఎంపిక. ఊరికి సుమారు 60 మైళ్ల దూరంలో రోడ్డు అక్కడే ఆగిపోతుంది. 2021లో మన్సన్ క్రీక్ మంట దాని దాపులకు వచ్చింది. వేడినీళ్ల కొలను నిజంగా బాగుంటుంది, పగటిపూట వెళ్లి తిరిగి రండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఈ నెలల్లో రాత్రి బస ఊళ్లోనే పెట్టుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి పార్క్స్, రిచర్డ్‌సన్ అని దక్షిణానికి రెండు దారులున్నాయి, విమానాశ్రయమూ ఉంది. గది అందానికంటే ఈ లెక్క ముఖ్యం.

డెనాలి జాతీయ పార్కుకు రెండు రాత్రులు చాలు. కొండచరియ జారడంతో 2021 నుంచి పార్కు రోడ్డు 43వ మైలు దగ్గర ఆగిపోయింది. పాత పుస్తకాలు చూసి ఆ మైలుకు అవతల ఉన్న వండర్ లేక్ మీద ఆశ పెట్టుకోకుండా, బుక్ చేసేముందు పార్కు వాళ్ల తాజా సమాచారం చూడండి. 2024 జూన్ 30న ప్రవేశద్వారం దగ్గరే రైలీ మంట లేచి కొన్ని రోజులు పార్కు ముఖద్వార ప్రాంతం మూసేశారు. అందుకని అక్కడి గదులకు డబ్బు వాపసు వచ్చే రేటే తీసుకోండి, ఎక్కువైనా సరే. డెనాలి శిఖరం చుట్టూ తిప్పే చిన్న విమానాలు కంటిచూపు మీద నడుస్తాయి, పొగలో ఎగరవు. ఆ టికెట్‌ను ప్రయాణం మొదట్లో పెట్టుకుంటే రద్దయినా మరో రోజు మిగులుతుంది.

రోడ్ల సంగతికి 511 అలాస్కా సైటు, మంటలకు అలాస్కా అగ్నిమాపక శాఖల మ్యాపు, గాలికి ఎయిర్‌నౌ, ఈ మూడూ ఉదయం, సాయంత్రం చూడాలి. స్టీస్ రోడ్డులో ఊరు దాటి కొంత దూరం వెళ్లాక ఫోను పనిచేయదు కాబట్టి బయల్దేరే ముందే మ్యాపులు దించుకోండి. ఇక్కడ మంట వచ్చినప్పుడు ఖాళీ చేయమనే హెచ్చరికలు ‘రెడీ, సెట్, గో’ అని మూడు మెట్లు. ఇంటివాళ్లకు ‘సెట్’ అంటే సర్దుకుని ఉండమని. కారులో సామానుతో ఉన్న అతిథికి ‘సెట్’ అంటేనే బయల్దేరమని అర్థం. మంట రోడ్డు దగ్గరికి వస్తే దారి చూపే పైలట్ కారు వెనక వరుసగా పంపుతారు, గంటల కొద్దీ ఆగాల్సిరావచ్చు. సగం ట్యాంకుకు తగ్గకుండా పెట్రోలు, తలా మూడు లీటర్ల నీళ్లు ఉంచుకోండి. హెడ్‌లైట్లు వేసుకుని, ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టుకోండి.

ఉత్తరాన ఆర్కిటిక్ వైపు వెళ్లే డాల్టన్ రోడ్డు మీద కోల్డ్‌ఫుట్ అనే మజిలీ దాటాక 240 మైళ్లు పెట్రోలు దొరకదు. చాలా అద్దె కార్ల ఒప్పందాలు ఆ రోడ్డును ఒప్పుకోవు, ఒప్పుకునే కంపెనీని ముందే వెతుక్కోవాలి.

వీలు ఏమాత్రం ఉన్నా ప్రయాణం ఆగస్టు 15 తర్వాత పెట్టుకోండి. సాధారణంగా వానలు పడి మంటలు నెమ్మదిస్తాయి, రాత్రి చీకటి తిరిగొచ్చి ధ్రువకాంతి కనబడటం మొదలవుతుంది. 2004లో మాత్రం ఆగస్టు కూడా పొడిగానే గడిచి పొగ వదల్లేదు. అలాంటి ఏడాదిలో అలాస్కా రేంజి దాటి దక్షిణానికి, సివార్డ్, వాల్డీజ్ వైపు దిగడం ఒక దారి. అయితే సివార్డ్ ఉన్న కీనై ద్వీపకల్పం మీద పూర్తిగా భరోసా పెట్టుకోకండి, 2019లో పిడుగు వల్ల లేచిన స్వాన్ లేక్ మంట అక్కడి స్టెర్లింగ్ రోడ్డునే మూయించింది.